బుసబుస మాస్టారు

కాలేజీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. కెమిస్ట్రీ చెబుతాడు. కార్బాక్సిలిక్ ఆమ్లాల పాఠం వచ్చిందంటే చాలు, గొంతు సవరించుకుని మొదలెడతాడు. "తెల్లపొడికి వంటసోడా నీళ్లు కలపగా బుసబుసమని బుడగలు వచ్చును. కావున ఇందులో కార్బాక్సిలిక్ ఆమ్లం కలదు. రాసుకున్నారా?" ఇరవై రెండేళ్లుగా అక్షరం పొల్లుపోకుండా ఇదే రాయిస్తున్నాడు. అందుకే బుసబుస మాస్టారయ్యాడు.

ఆ బుడగల్ని కళ్లారా చూసింది మాత్రం ఎప్పుడో తను చదువుకునే రోజుల్లో. ల్యాబులో చెయ్యి పెడితే చొక్కా మీద మరకలు పడతాయని భయం మహానుభావుడికి! ప్రాక్టికల్ పరీక్షకి ఏటా అదే సీసా, అదే బెంజోయిక్ ఆమ్లం. ఏమొస్తుందో పిల్లలకి ముందే తెలుసు కాబట్టి టెస్ట్ ట్యూబు ముట్టుకునేవాడు లేడు. కడిగే పని తప్పినందుకు అటెండరూ హాయిగా ఉన్నాడు. అందరూ సుఖంగా ఉన్నారు. ఇక శాస్త్రం సంగతంటారా, దాన్నెవరడిగారు!

ఈ హాయంతా చెడగొట్టడానికి ఓ పిల్ల వచ్చి పడింది. నలభై మందిలో ఆ ఒక్కతే పరీక్షలో నిజంగానే పొడి తీసి, వంటసోడా నీళ్లు పోసి, కళ్లప్పగించి చూసింది. చూసి ఊరుకుందా? "బుడగలు రాలేదు. ఇది ఆమ్లం కాదు, ఆమ్లపు లవణం కావచ్చు" అని రాసిపారేసింది. మాస్టారికి ఒళ్లు మండి యాభైకి పన్నెండు వేశాడు. ఫెయిలు. మిగతా ముప్పై తొమ్మిది మందికీ నలభై పైమాటే.

మర్నాడు ఆ పిల్ల స్టాఫ్ రూముకొచ్చింది.

"సార్, సబ్బుల ఫ్యాక్టరీలో టెస్టింగ్ ఉద్యోగానికి పిలిచారు. ప్రాక్టికల్స్‌లో ముప్పై మార్కులు ఉంటేనే తీసుకుంటారట. ఒక్క చుక్క వేసి చూడండి సార్."

"ఏమ్మా, ఇరవై రెండేళ్లుగా వస్తున్న బుడగలు నీ మొహం చూసి ఆగిపోయాయా?"

గదిలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆ పిల్ల కళ్లనీళ్లు కుక్కుకుంటూ వెళ్లిపోయింది.

పిల్ల పోయింది గానీ ఆ మాట పోలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక మాస్టారు ల్యాబుకెళ్లి, చొక్కా చేతులు పైకి మడిచి, సీసాలోంచి చిటికెడు పొడి తీసి వంటసోడా నీళ్లు పోశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చన్నీళ్లలో వేస్తే చక్కెరలా కరిగిపోయింది. బెంజోయిక్ ఆమ్లం చస్తే అలా కరగదు. ఆ నీళ్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ కాస్త వేస్తే, అప్పుడు తెల్లగా విరిగి అడుక్కి దిగింది అసలు ఆమ్లం. అంటే సీసాలో ఉన్నది దాని సోడియం లవణం! పిల్ల రాసిందే నిజం. మాస్టారు సీసాని తిప్పి తిప్పి చూశాడు.

"అదా సార్?" అన్నాడు అటెండరు తాళాలు తిప్పుకుంటూ. "ఆమ్లం అయిపోతే పక్క సీసాలోది పోశాను. రెండూ తెల్లగానే ఉన్నాయి కదా. అయినా ఎవరు చూస్తారు సార్?"

నిజం ఒప్పుకుంటే ముప్పై తొమ్మిది మందీ ఫెయిలు. వాళ్లచేత అది రాయించిందెవరయ్యా అంటే ఏం చెబుతాడు? మార్కు దిద్దాలంటే పక్కన కారణం రాయాలి. మాస్టారికి సిగ్గేసింది. అబద్ధమెందుకు, నిజంగానే వేసింది. కానీ ఆ సిగ్గు ఎంతసేపని? "కూడికలో పొరపాటు" అని రాసి, పన్నెండుని ఇరవై చేశాడు. సరిగ్గా పాసు మార్కు. పిల్లకి మహోపకారం చేసినట్టు చేతులు దులుపుకున్నాడు.

ఇరవై మార్కులకి ఉద్యోగం ఎవడిస్తాడు? నలభై ఎనిమిది తెచ్చుకున్నవాణ్ణి తీసుకున్నారు ఫ్యాక్టరీవాళ్లు.

నాలుగు నెలలు గడిచాయి. ఓ పొద్దున మాస్టారు కొత్త సబ్బుతో మొహం కడుక్కుని కెవ్వుమన్నాడు. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, ముక్కు దగ్గర తోలు లేచింది. "ఏమైందండీ?" అంటూ భార్య పరిగెత్తుకొచ్చింది. ఏమైందో ఆయనకి తెలుసు. కొవ్వూ కాస్టిక్ సోడా కలిస్తే సబ్బు. సోడా ఎక్కువై మిగిలిపోతే అది మన తోలు తింటుంది. సబ్బు కాగితం మీద ఆ ఫ్యాక్టరీ పేరే ఉంది. మొహానికి తడిగుడ్డ అద్దుకుంటూ నేరుగా అక్కడికే పోయాడు.

టెస్టింగ్ గదిలో నలభై ఎనిమిది మార్కులవాడు కుర్చీలోంచి లేచి దణ్ణం పెట్టాడు. బల్ల మీద రిజిస్టరు. సబ్బు ముక్కని స్పిరిట్‌లో కరిగించి ఫినాల్ఫ్తలీన్ చుక్క వేయాలి. సోడా మిగిలుంటే గులాబీ రంగొస్తుంది. రిజిస్టరు నిండా నాలుగు నెలల పాటు ఒకటే మాట, "రంగు మారలేదు". పక్కన ఫినాల్ఫ్తలీన్ సీసాకి వేసిన సీలు వేసినట్టే ఉంది.

"వేసి చూశావురా?"

"చూడ్డమెందుకు సార్? ఏం రావాలో మనకి తెలుసు కదా." వాడు వినయంగా నవ్వాడు. "అంతా మీరు నేర్పిందే."

"ఒక్క చుక్క వేసి చూడరా!" గది అదిరేలా అరిచాడు మాస్టారు.

అరిచాకే గుర్తొచ్చింది. ఆ కుర్చీలో కూర్చోవలసిన పిల్ల, స్టాఫ్ రూములో నిలబడి, ఇదే మాట చెప్పి తనని బతిమాలింది.