ఎర్రెద్దు మేత కోసం కొల్లేటి దాకా

మా ఎర్రెద్దు మెడ మీద పుండు ఎంతకీ మానడం లేదు. ఈ ప్రయాణానికి కారణం అదే.

మాది నల్లజర్ల పక్క మెట్ట. లోతు బావి, దాని మీద మోట. ఎద్దులు వాలులో దిగుతూ తాడు లాగితే తోలుబాన నీళ్లతో పైకొస్తుంది. వేసవిలో పచ్చిమేత ఉండాలని కొన్ని మళ్లలో జొన్న చల్లాను. ఎద్దులు చిక్కాయని ఇంకొన్ని మళ్లు పెంచాను. వాటికి నీళ్లు తోడి ఎర్రెద్దు మరీ చిక్కింది.

"ఇదేం వ్యవసాయమండీ? దాని నోట్లో పెట్టేది దాని మెడలోంచే లాగుతున్నారు," అంది మా ఆవిడ సుభద్ర. దూడప్పటి నుంచీ దాన్ని సాకింది ఆవిడే. నీళ్లు తోడే ఇంజనన్నా కొనండి, లేదా వచ్చే సంతకు నేనే తోలుకెళ్లి అమ్మేస్తానంది. పుండున్న ఎద్దును దుక్కికి ఎవరూ కొనరు. ఎందుకు కొంటారో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున ఆరింటి బస్సెక్కి ఎనిమిది లోపు తాడేపల్లిగూడెంలో దిగాను. ఇడ్లీ తిని ఆయిల్ ఇంజన్ల షాపుకు వెళ్లాను. షాపాయన ఇంజను తిప్పి చూపించాడు. తర్వాత అడిగాడు, "ఏం పండిస్తారండీ?"

"పశువులకు జొన్నండి."

ఆయన హ్యాండిలు కింద పెట్టేశాడు. "మేతకి ఆయిలు కాలిస్తే ఏం మిగులుద్దండీ? చెరకు వేసినప్పుడు రండి. పోనీ ఏలూరులో పాతవుంటాయి, చూసుకోండి."

నాకు ఒళ్లు మండింది. పదకొండింటి పాసింజరుకు మూడో తరగతి టికెట్టు తీసుకున్నాను.

పెట్టెలో నా ఎదుట ఒకామె ఖాళీ బుట్టలతో కూర్చుంది. పేరు నాగమ్మ, కొల్లేటి లంకలో ఉంటుందట, గూడెంలో ఎండుచేపలు అమ్మి వెళ్తోంది. నేను కిటికీ వైపు జరగడం చూసింది. "వాసనొస్తోందాండీ? కాస్త ఓర్చుకోండి, ఏలూరులో దిగిపోతాను," అంది. సిగ్గేసి మాట కలిపాను. భీమడోలు వచ్చేసరికి ఎద్దు కథంతా చెప్పేశాను.

"మీ మెట్టోళ్లు వేసంగిలో గొడ్లని మా లంకకి తోలతారు కదండీ. మీరెందుకు తోలలేదు?"

ఎందుకంటే నాకు బావి ఉంది. బావి లేనివాళ్లు తోలుకెళ్తారని మా ఊళ్లో చిన్నచూపు. ఆ మాట ఆమెతో అనలేదు.

ఏలూరులో పాత ఇంజను చూశాను. నీళ్ల కంటే పొగ ఎక్కువ పోసింది. సత్రంలో పడుకుని తెల్లారగానే నాగమ్మ వాళ్ల లంకకు పడవెక్కాను. ఇటు వచ్చే రైతులు ఆ మొదటి పడవే పట్టుకోవాలి, ఎండెక్కితే నరకం.

లంక చుట్టూ నీరు తీసిన నేలంతా మోకాలెత్తు గడ్డి. ఎవరూ విత్తలేదు, ఎవరూ తోడలేదు. మెట్ట పశువులు తాపీగా మేస్తున్నాయి. నాగమ్మ ఇంటి గోడ నిండా పిడకలు.

"ఇక్కడ కట్టెపుల్ల దొరకదండి. మీ గొడ్లు మేసినన్నాళ్లూ పేడ మాది, పాలు మావి. ఇంకేం ఇవ్వక్కర్లేదు."

"మావి ఎద్దులండీ, పాలెక్కడివి?"

"పేడేస్తాయి కదండీ," అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. చేపల పులుసుతో అన్నం పెట్టింది, కడుపారా తిన్నాను.

తిరుగు రైల్లో కిటికీలోంచి పచ్చటి పొలాలు వెనక్కి పోయి ఎర్రమట్టి మొదలైంది. ఈ నేలకు వాన మీద పండే జొన్న చాలు. తొలకరికి వేసుకుని, చొప్ప ఆరబెట్టి వామి వేసుకోవాలి. అది సరిపోని వేసవిలో గొడ్లను లంకకు తోలాలి. మేతకు మోట తోలడం శుద్ధ దండగ. బస్సు దిగేసరికి సాయంత్రం అయిదు.

"ఇంజను కొన్నారా?" అంది సుభద్ర.

"లేదు. రేపు రెంటినీ కొల్లేటికి తోలుకెళ్తాను. దుక్కుల వేళకు తెచ్చుకుందాం."

మర్నాడు తెల్లారకముందే ఆవిడ వెళ్లి ఎర్రెద్దు పలుపు విప్పింది. అది నేరుగా మోట వాలు దగ్గరకు నడిచి, కాడి వేస్తారని మెడ వంచి నిలబడింది.

"అటు కాదు నాయనా," అంటూ సుభద్ర దాని తల రోడ్డు వైపు తిప్పింది.