దీపంలో గుప్పెడు బియ్యం

మొన్న మిర్యాలగూడలో మనవడి కారు ముందు దీపంలోకి తడి చేరి అద్దం మసకబారితే, మెకానిక్ దాన్ని విప్పనైనా విప్పకుండా మొత్తం దీపమే మార్చాలని తేల్చేశాడు. పక్కన నిలబడ్డ నేను మాత్రం, ఇన్నేళ్ళ తరువాత కూడా, చేతులు పైకెత్తబోయాను.

మన వయసు వాళ్ళకు ఆ రోజుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. పందొమ్మిది వందల నలభైల చివర్లో పట్నంలో కాలేజీ చదువు ముగించాక, ఏ ఉద్యోగమూ నన్ను వెతుక్కుంటూ రాకపోవడంతో, కోదాడ నుంచి సూర్యాపేటకు లారీ నడిపే మా మేనమామ పక్క సీటును అలంకరించాను. దారిలో జవాన్ల కాపలా ఉండేది. ఒంటి దీపంతో వచ్చే బండి అడవిలో కమ్యూనిస్టు దళాలకు సైగ చేస్తోందని, ముందు కాల్చి తరువాత వివరాలు అడుగుతారని చెప్పుకునేవారు. అనుమతి లేకుండా బియ్యం దొరికినా, అవీ దళాలకేననేవారు. ఈ రెండో సంగతి నాకు సమయానికి గుర్తు రాలేదు.

ముసురులో మా ఎడమ దీపం ఎంత తుడిచినా కాసేపటికే మసకబారేది. మామయ్య భయం చూడలేక నా చదువును బయటికి తీశాను. అత్తమ్మ చేత గుప్పెడు బియ్యం వేయించి, గుడ్డలో మూటగట్టి, దీపం లోపల అడుగున పెట్టించాను. తడంతా బియ్యమే పీల్చుకుంది. నాలుగు రోజులు నా తెలివికి నేనే మురిసిపోయాను.

అయిదో రోజు దీపాలు పెట్టే వేళ, ఒక జవాను ఆ వెలుగులో నల్లటి ముద్ద నీడ చూసి, తుపాకీ మామయ్య గుండెకు ఆనించి, దీపం విప్పించాడు.

“ఈ బియ్యం ఎవరికి తీస్కపోతున్నవ్?”

“లైటుకు, సర్కార్.”

“లైటు అన్నం తింటదా?”

“నాకేమెరుక సర్కార్! మా అల్లుడు పట్నంల సదివిండు, వాన్నడుగుండ్రి.”

చేతులు పైకెత్తి ఆవిరి గురించీ, చల్లటి అద్దం గురించీ ఉపన్యాసం ఇచ్చాను. మా లెక్చరర్ల మాటలు నేనెన్నడూ అంత శ్రద్ధగా వినలేదు. జవాను విన్నాడు, నమ్మలేదు. మూట తీసేసి దీపం బిగించమన్నాడు, నిజమైతే కళ్ళ ముందే మసక రావాలన్నాడు. తుపాకీ కదలలేదు. నెలంతా రాకూడదని మొక్కుకున్న మసక కోసం ఆ చినుకుల్లో, నేను ఏ దేవుణ్ణీ వదలకుండా మొక్కాను. ఎంతసేపటికీ అద్దం తళతళలాడుతూనే ఉంది. చివరికి అంచున చిన్న తెల్లటి మరక పుట్టి, మెల్లగా పైకి పాకింది.

జవాను తుపాకీ దించాడు. బియ్యం మాత్రం తిరిగివ్వలేదు.

సూర్యాపేటలో బండి ఆపాక మామయ్య, “ఇగ నీ సదువు సాలు గాని, జర నౌకరి సూస్కోరా” అన్నాడు.

ఇప్పుడు దీపం విప్పేవాడూ లేడు, లోపల ఏముందని గద్దించేవాడూ లేడు. అది సుఖమేనని ఒప్పుకుంటాను. కాని మెకానిక్ ఆ పాత దీపాన్ని మూలకు విసిరేస్తే, లోపలి మసకను కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఆ మసక విలువ తెలిసిన ఇంకో మనిషి, మామయ్య, నా పక్కన ఊపిరి బిగబట్టి నిలబడడానికి, ఇప్పుడు లేడు.