కొడుకులెందరన్న ప్రశ్న

ఈ అరబ్బు దేశంలో, జాబ్రియా అనే పేటలో నేను పనిచేసే ఇంటికి నేలకింద ఒక గది ఉంది. పాత సూట్‌కేసులు, విరిగిన కుర్చీలు అందులో పడి ఉండేవి. ఆ వేసవిలో మామా వాటన్నిటినీ బయట పారేయించి, నీళ్ళ కార్టన్లు, బియ్యం, డబ్బాల్లో వచ్చే చిక్కుడుగింజలు, టార్చిలైట్లు పెట్టించింది. ఎందుకని నేను అడగలేదు. యుద్ధం రావచ్చని పక్కిళ్ళలోనూ అదే పని జరుగుతోంది. అప్పుడప్పుడూ పరీక్ష కోసం సైరను మోగిస్తారు. పరీక్షేనని ముందే చెప్పినా, అది మోగినంతసేపూ మామా కుర్చీలోంచి లేచి నిలబడేది.

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. చిన్నకొడుకు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు నేను రాజంపేట నుంచి ఆ ఇంటికి వచ్చాను. పెంచాననడం ఎక్కువవుతుంది. ఎత్తుకున్నాను, తినిపించాను, జ్వరమొస్తే పక్కన కూర్చున్నాను. మా డ్రైవరు కోనసీమ మనిషి, నన్ను అక్కా అంటాడు. అది నా పేరనుకుని పిల్లాడూ అక్కా అనేవాడు. పెద్దయ్యాక అర్థం తెలిసినా పిలుపు మార్చలేదు.

పెద్దకొడుకు మూడేళ్ళ కిందట సౌదీలో కారు ప్రమాదంలో చనిపోయాడు. అక్కడే ఖననం చేశారు. అక్కడిచ్చిన మరణపత్రాన్ని ఇక్కడ దాఖలు చేయాలి. మామా చేయలేదు. ఇంటి పత్రాల ఫైలులో అది అడుగున ఉండిపోయింది. ఇక్కడి రికార్డులో అతను బతికే ఉన్నాడు.

చిన్నవాడికి పద్దెనిమిది నిండాయి. ఈ దేశపు పౌరుడైన ప్రతి మగపిల్లాడూ ఆ వయసుకు సైనిక సేవకు పేరివ్వాలని చట్టం. అందులో కొన్ని మినహాయింపులున్నాయి. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకైతే పిలవరు.

“ఆ సౌదీ కాయితం ఇచ్చేస్తే ఖలాస్ కదక్కా,” అన్నాడు డ్రైవరు, వంటింటి గుమ్మంలో టీ తాగుతూ. “మనకా గొడవే లేదు. మనల్నెవరూ పిలవరు. మరి సైరను మోగితే ఎవరి యెనకాల దాక్కోవాలో కూడా ఆ చట్టంలో రాసేరేంటి?”

“నీ పొట్టకి యెనక దాక్కునే చోటే దొరకదులే. తాగి గ్లాసు కడిగిపెట్టు,” అన్నాను.

మామాకు చిన్నవాణ్ణి పంపడం ఇష్టం లేదు. మినహాయింపు దరఖాస్తు ఆమే టైపు చేయించింది. ఆ ఉదయం ఆమె, పిల్లాడు, నేను వెళ్ళాం. ఇంటి పత్రాల ఫైలు నా ఒళ్ళో ఉంది. కౌంటర్లో యూనిఫారంలో ఉన్న మనిషి మర్యాదస్తుడు. మామాకు కుర్చీ చూపించి, దరఖాస్తు చూసి, అడగవలసినదే అడిగాడు.

“కొడుకులెంతమందమ్మా?”

“ఇద్దరు,” అంది మామా.

అతను కంప్యూటర్ తెరవైపు చూశాడు. “ఇక్కడా ఇద్దరే ఉన్నారు. మరి ఒక్కడే కొడుకని ఈ దరఖాస్తు ఎందుకు?”

“నాకు ఇద్దరు,” అంది ఆమె మళ్ళీ. గొంతు మామూలుగానే ఉంది.

పిల్లాడు తల తిప్పి నా వైపు చూశాడు. తల్లి మాటను ఆమె ఎదుటే కాదనడం అతని వల్ల కాదు. ఫైలు నా చేతుల్లో ఉంది. అడుగునున్న మరణపత్రం తీసి కౌంటరు మీద పెడితే చాలు, నోరు విప్పక్కర్లేదు.

నాకూ ఇద్దరు కూతుళ్ళు. చిన్నది ఆరేళ్ళప్పుడు ఊళ్ళో విషజ్వరంతో పోయింది. టికెట్టు దొరికి నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఇప్పటికీ పిల్లలెందరని ఎవరైనా అడిగితే ఇద్దరనే అంటాను. అది అబద్ధమని నాకు ఏనాడూ అనిపించలేదు. అందుకే మామా చెప్పింది విన్నాక ఫైలు మీద చేతులు కదల్లేదు. అతను దరఖాస్తు వెనక్కి ఇచ్చేశాడు. పిల్లాడి పేరు మామూలు జాబితాలోకి వెళ్ళింది.

ఆ సాయంత్రం డ్రైవరు నా మీద విరుచుకుపడ్డాడు.

“చేతిలో కాయితం ఎట్టుకుని బొమ్మలా నిలబడ్డావా?”

“ఆయమ్మ ముందర యెట్ల తీసేదిరా? నువ్వుంటే తీస్తావా?”

“తీస్తాను! ఆవిడేడిస్తే ఏడుస్తాది. పోయినోడి కోసం ఉన్నోణ్ణి పంపుతారా ఎవరైనా?”



మర్నాడు పిల్లాడు వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకునే వంటింటి అరబీలోనే చెప్పాను, ఫైలు తీసిస్తాను, నువ్వొక్కడివే వెళ్ళి ఇచ్చిరా అని.

“అమ్మ సంతకం కావాలి,” అన్నాడు. “అన్న చచ్చిపోయాడని కాగితం మీద రాసి, కింద ఆమె చేత పేరు పెట్టించాలి. నువ్వు పెట్టిస్తావా?”

నేను స్టవ్ మీది పప్పు గిన్నె దించాను.

“వద్దులే అక్కా. నీ పప్పు తిని లావైపోయాను. వాళ్ళు పరిగెత్తిస్తే తగ్గుతాను.” లేచి వెళ్ళబోతూ అన్నాడు, “నిన్న అక్కడ నువ్విస్తావనుకున్నాను.”

నిష్ఠూరంగా అనలేదు. అలా అన్నా బాగుండేది.

కొన్ని వారాలకు శిబిరంలో చేరాల్సిన తేదీ అతని ఫోనుకు వచ్చింది. సంచి నేనే సర్దాను. మామా గుమ్మం దాకా వచ్చి అతని నుదురు ముద్దు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడతను ఉత్తరాన, సరిహద్దు వైపు శిబిరంలో ఉన్నాడు. ఫోను చేసినప్పుడు భోజనం గురించీ ఎండ గురించీ చెబుతాడు. తుపాకీ గురించి అడిగితే మాట మారుస్తాడు.

ఇన్నేళ్ళలో అరబీ కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. మొన్న ఆ చట్టాన్ని ఫోన్లో తెరిచాను. ఒక్కడే కొడుకన్న వాక్యం ఎక్కడుందో చూసి ఆపేయవలసింది. కింద దాకా చదివాను. సేవ ఏడాదే. ఆ తర్వాత కూడా పేరు జాబితాలోనే ఉంటుంది, అవసరమైతే మళ్ళీ పిలుస్తారు. యుద్ధమొస్తే ఏడాది ముగిసినా ఇంటికి పంపకుండా ఉంచుకోవచ్చు. ఎంతకాలమన్నది నాకు ఎక్కడా కనిపించలేదు.

మామా రోజూ గోడమీది కేలెండరులో ఒక గడి కొట్టేస్తోంది. ఏడాది అయిపోతే వచ్చేస్తాడని ఆమె నమ్మకం. నేను చదివింది ఆమెకు చెప్పలేదు.