రత్నమాణిక్యం అత్త తీసే మూల బన్ను

మా పేటంతా అత్తా అని పిలిచే రత్నమాణిక్యం ఇంటి పెరట్లో ఇటుకల పొయ్యి ఒకటి ఉంది. మనిషి వంగి తల పెట్టేంత నోరు, దానికి ఇనపరేకు తలుపు. ఆమె భర్త యోహాను మామయ్య యానాంలో ఒక బేకరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి, కాళ్ళలో సత్తువ తగ్గాక ఇంటికొచ్చి తన చేతులతో కట్టిన పొయ్యి అది. ఆయన పోయి ఆరేళ్ళయింది. పొయ్యి మాత్రం చల్లారలేదు. గోదావరి గట్టు కింద మా పేటలో క్రిస్మస్ అయినా, పెళ్ళి మాటలైనా, మనిషి పోయాక ఆదరణ కూడిక పెట్టినా, వచ్చినవాళ్ళకి టీతో పాటు ఇచ్చేది అత్త చేసిన కీమా బన్నులే.

ఆ బన్నులు విడివిడిగా ఉండవు. పెద్ద ట్రేలో నాలుగు వరసలు, వరసకి ఆరు, ఒకదానికొకటి ఆనించి కాలుస్తుంది. అవి పొంగి అతుక్కుని ఒకే పలక అయిపోతాయి. ఆ పలకని విడదీయకుండా పొడవాటి కత్తితో అడ్డంగా కోసి, పై సగాన్ని మూతలా ఎత్తి, అల్లం వెల్లుల్లి మిరియాలు వేసి వేపిన పెద్దమాంసం కీమా కింది సగం మీద పరుస్తుంది. మళ్ళీ మూత పెట్టి, పైన వెన్న రాసి, రెండోసారి పొయ్యిలోకి తోస్తుంది. వంద మంది వచ్చినా కంగారుండదు. బయటికి తీశాక గీతల వెంట తుంచి ఇవ్వడమే. తుంచిన చోట పక్కలు దూదిలా తెల్లగా ఉంటాయి. మంట సెగ తగిలిన చోటే పొర కట్టి ఎర్రబడతాయి.

చావు జరిగిన ఇంటికి చేసేటప్పుడు అత్త ఇంకో పని చేస్తుంది. మొదటి ట్రే రెండోసారి పొయ్యిలోకి వెళ్ళేముందు, ఆ ఇంటివాళ్ళని పిలిచి ఏదో ఒక మూల చూపించమంటుంది. ఆ మూలనున్న బన్నుని లాగి మంటలో వేసేస్తుంది. పోయిన మనిషి వాటా అది. వాటా ముట్టింది కాబట్టి ఇక వచ్చి జనంలో కూర్చోడని ఆమె నమ్మకం. పాస్టరు గారు దీని మీద రెండుసార్లు వాక్యం చెప్పారు. అత్త రెండుసార్లూ ఆమేన్ అంది. బన్ను తీయడం మాత్రం మానలేదు.

పోయిన ఆగస్టు వరదలో మా ఆయన ఉదయభాస్కర్, నది మధ్య లంకలో ఉండిపోయిన రొయ్యల చెరువు మోటారు తేవడానికి నావ మీద వెళ్ళాడు. నావ దొరికింది. మోటారు దొరికింది. మనిషి దొరకలేదు. యానాంలో మందు కొట్టు దగ్గర చూశామని ఎవరో అన్నారు. ఆ మాట మీద నేను నలభై రోజులు బతికాను. రోజూ రెండు కంచాలు పెట్టాను.

నలభయ్యో రోజున మా బావగారు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

“ఎన్నాళ్ళమ్మా మెర్సీ ఇలాగ? కూడిక పెట్టేద్దాం. ఆడొచ్చాడనుకో, తన్ని మరీ కృతజ్ఞత కూడిక పెడదాం. సరేనా?”

నేను రెండో కంచం తుడుస్తూ ఉండిపోయాను. ఆయన దాన్నే సరే అనుకున్నారు.

కూడిక రోజున తెల్లవారేసరికే అత్త పెరట్లో బన్నులు కాలిన వాసన. ఐదు ట్రేలు వేపచెట్టు కింద ఆరుతున్నాయి. మొద్దు మీద మాంసం కొడుతున్నది పక్కింటి చిన్నమ్మాయి. అరవై దాటినా ఆవిడ పేరు చిన్నమ్మాయే.

“మాంసం కొట్టువాడు నీకు చుట్టమా ఏంటి అక్కా? పీచంతా మనకే వేశాడు,” అందావిడ.

“నీకు పళ్ళు లేకపోతే తప్పు పీచుదా? నోరు మూసుకుని సన్నగా కొట్టు.”

“నోరు మూసుకుంటే చెయ్యి ఆగిపోద్ది నాకు.”

నన్ను చూసి ఇద్దరూ ఆపేశారు. నవ్వు ఆపేసిన మొహాలు చూడడం అప్పటికి నాకు అలవాటే. కీమా వేగాక చిన్నమ్మాయి టీ గ్లాసులు లెక్క చూసుకోవడానికి పందిరి దగ్గరికి వెళ్ళింది. పెరట్లో అత్తా నేనూ మిగిలాం. సరుగుడు కట్టెలు పొయ్యిలో ఒక పక్కకి నెట్టి ఉన్నాయి, ఎర్రగా.

అత్త మొదటి ట్రే నా ముందు పెట్టింది.

“ఏ మూల తియ్యమంటావే?”

“వద్దత్తా.”

“వద్దంటే?”

“తియ్యొద్దు. తీస్తే ఆయన పోయాడని నేనే చెప్పినట్టు. నేను చెప్పను.”

అత్త చేతులు కొంగుకి తుడుచుకుని పీట మీద కూర్చుంది. 

“మీ మామయ్య కూడిక రోజున ఈ పొయ్యి దగ్గర నేనే ఉన్నాను. ఏడుస్తూ చేశాను. తీయడం మర్చిపోయాను,” అంది. “ఆ క్రిస్మస్‌కి నా ఇంటికని ఒక ట్రే వేసుకున్నాను. బయటికి లాగితే మూల ఖాళీ. నేను లోపలికి తోసినప్పుడు నిండుగానే ఉంది. ఆరేళ్ళు. నా ఇంటికి ఎప్పుడు వేసుకున్నా ఇరవై నాలుగుకి ఇరవై మూడే. ఊరివాళ్ళవి మాత్రం సరిగ్గానే వస్తాయి.”

“ఆ తరవాత తీసి చూడలేకపోయావా అత్తా?”

“తీశాను. మంటలో వేశాను. అయినా ఇంకోటి పోద్ది. ఆరోజు ఇవ్వాల్సింది ఆరోజే ఇవ్వాలంట. నా మూలంగా ఆగిపోయాడు మనిషి. ముప్పై ఏళ్ళు మంట ముందు నిలబడ్డాడు, ఇంకా ఇక్కడే నిలబడ్డాడు.”

 నిజం చెప్తాను, ఆ మాటకి నాకు భయం కన్నా ఆశే ఎక్కువ పుట్టింది. ఎలా ఉన్నా సరే, ఆయన ఉంటే చాలనిపించింది.

“నాదీ అలాగే ఉండనీ,” అన్నాను.

“నీ ఇష్టం,” అని అత్త లేచింది.

కీమా పరిచాం. మూత నేనే సర్దాను. వెన్న నేనే రాశాను. నాలుగు మూలలా నాలుగు బన్నులు, నా వేళ్ళు వాటిని ముట్టుకున్నాయి. అత్త ట్రేని పొయ్యిలోకి తోసి రేకు మూసింది. ఇద్దరం దాని ఎదురుగా కూర్చున్నాం. కాసేపటికి లోపల రేకు మీద ఏదో గీరిన చప్పుడు అయింది. వేడికి ట్రే సాగినా అలాంటి చప్పుడే వస్తుంది. అత్త నాకేసి చూడలేదు. నేనూ చూడలేదు.

తలుపు తీసి, కొక్కెంతో ట్రే ముందుకి లాగింది.

నదివైపు మూల ఖాళీగా ఉంది.

ముక్కలు లేవు, పొడి లేదు. ఖాళీకి ఆనుకున్న రెండు బన్నుల పక్కలు చూశాను. తెల్లగా లేవు. పొర కట్టి ఎర్రగా కాలి ఉన్నాయి. మొదటి నుంచీ అక్కడ ఏమీ లేనట్టు.

“నేను తియ్యలేదమ్మా,” అంది అత్త మెల్లిగా.

“తెలుసత్తా.”

వచ్చాడు అనుకున్నాను ముందు.  ఆ వెంటనే రెండో మాట తెలిసింది. యానాంలో మందు కొట్టు దగ్గర ఉన్న మనిషి ఈ పొయ్యిలో చెయ్యి పెట్టడు. బతికున్నవాడు వాటా కోసం రాడు. నలభై రోజులు ఆయన ఆకలితో తిరిగాడు, నేను ఇంట్లో కంచం ముందు కూర్చుని ఆయన్ని పట్టుకుని ఉన్నాను. ఇప్పుడు కూడా ఇవ్వకపోతే మామయ్యలాగే ఆయనా ఆ మంట ముందే నిలబడిపోతాడు.

“ఇవాళింకా అయిపోలేదు కదత్తా,” అన్నాను.

“అవలేదు.”

రెండో ట్రే దగ్గరికి జరిగాను. నదివైపు మూలనున్న బన్నుని పట్టుకున్నాను. అతుక్కున్న బన్నుని లాగితే పీచులా సాగి, కాస్త మొండికేసి వస్తుంది. ఇది అలా రాలేదు. అవతల నుంచి ఎవరో పట్టుకుని, వదిలేసినట్టు వచ్చేసింది. చేతిలో పెట్టుకుంటే అడుగు తడిగా ఉంది. అత్తకి చూపించలేదు.

“ఉదయభాస్కర్,” అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. మంటలో వేశాను.

నాలుగు గంటలకి పందిట్లో నూరు మంది పైనే కూర్చున్నారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. చిన్నమ్మాయి బన్నులు పంచుతూ, “పీచు నేను సన్నగా కొట్టాను, గుర్తుపెట్టుకుని తినండి,” అంటోంది. ఆ రోజు మొదటిసారి అందరి ముందూ ఏడ్చాను.

ఇప్పుడు అత్తకి కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. పొయ్యి దగ్గర సాయం నేనే ఉంటున్నాను. ఆమె ఇంటి ట్రే ఇప్పటికీ ఇరవై మూడే. దాన్ని తీసేటప్పుడు ఆమె తల అటు తిప్పుకుంటుంది.

ఆదివారాలు నా ఇంటికీ ఒక ట్రే కాల్చుకుంటాను. తలుపు తీయగానే ముందు నదివైపు మూల చూస్తాను. నిండుగా ఉంటుంది. ప్రతిసారీ నిండుగానే ఉంటుంది.