యోబు చెప్పిన జట్టు

నరసరావుపేటలో పల్నాడు టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు జట్టును మైదానంలో చెప్పరు. మ్యాచ్‌కు ముందురోజు సాయంత్రం, చిలకలూరిపేట రోడ్డులో ఉన్న పత్తి మిల్లు వరండాలో చెబుతారు. మిల్లు క్లబ్బు ప్రెసిడెంటు వెంకటప్పయ్యది. కమిటీ పెద్దలకు కుర్చీలు వేస్తారు, టీలు వస్తాయి. మేనేజర్ ఒక్కో పేరూ చదువుతుంటే పెద్దలు తలలూపుతారు. తల ఊగకపోతే పేరు మారిపోతుంది. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ అదే ఆనవాయితీ.

అసిస్టెంట్ కోచ్ యోబు ఆ వరండాలో స్తంభం పక్కన నిలబడేవాడు. నిలబడమని ఎవరూ చెప్పలేదు. కూర్చోమనీ ఎవరూ అనలేదు. కుర్చీలు ఖాళీగా ఉన్న రోజున కూడా ఆయన నిలబడే ఉన్నాడు. రెంటచింతల మాలపల్లెలో పుట్టిన మనిషికి అలాంటివి ఒకరు నోరు తెరిచి చెప్పనక్కర్లేదు.

కుర్రాళ్లకు బంతి ఆపడం నేర్పింది యోబు. ఎండకు కళ్లు తిరిగినవాణ్ణి నీడకు మోసింది యోబు. గెలిస్తే దండ మేనేజర్ మెడలో పడేది. పేపర్లో ఫోటో కింద పెద్దలందరి పేర్లూ అయ్యాక చివర్లో ‘తదితరులు’ అని వేసేవారు. ఆయన భార్య కాంతమ్మ ఆ మాట మీద వేలు పెట్టి, “ఇదుగో, ఈ తదితరులే మా ఆయన” అని పక్కింటివాళ్లకు చూపించి నవ్వేది. యోబు కూడా నవ్వేవాడు. తల నెరిసేదాకా అలా నవ్వుతూనే గడిపాడు.

ఈ ఏడు సీజన్ మొదలవబోతుండగా పాత మేనేజర్ చెప్పాపెట్టకుండా విజయవాడ క్లబ్బులో చేరిపోయాడు. ఇదేమీ చిన్న క్లబ్బు కాదు. గురజాల, రెంటచింతల నుంచి బస్సులు కట్టించుకుని మరీ వచ్చే అభిమానులున్నారు. ఆట రోజున గ్యాలరీ నిండి, గోడలమీదా జనమే. చేతిలో మనిషి లేక కమిటీ యోబు వైపు చూసింది. “ప్రస్తుతానికి నువ్వు చూడు” అన్నాడు వెంకటప్పయ్య. ఆ ‘ప్రస్తుతానికి’ యోబు చెవికి ఎక్కలేదు. ఇంటికెళ్లి కాంతమ్మకు చెప్పాడు. ఆమె లేచి తెల్లచొక్కా తీసి ఇస్త్రీ చేసింది.

ఒక్క సీజన్ అయినా తన చేతి మీదుగా జట్టును నడపాలి. యోబుకు జీవితంలో ఉన్న కోరిక అదొక్కటే.

మేనేజరయ్యాక ఆయన చేసిన మొదటి పని, జట్టును ముందుగా ఆటగాళ్లకే చెప్పడం. ప్రాక్టీసు అయ్యాక గడ్డి మీద కూర్చోబెట్టి, ఆడేవాడికీ ఆడనివాడికీ మొహం చూసి చెప్పాడు, ఎందుకో కూడా చెప్పాడు. అంతకుముందు కుర్రాళ్లు మిల్లు గేటు బయట కాచుకుని ఉండేవాళ్లు. లోపలి నుంచి వచ్చిన కబురు వాచ్‌మన్ చెబితే, పేరు లేనివాడు సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. అలా వెళ్లిన వీపుల్ని యోబు చాలా చూశాడు.

రెండోది, కెప్టెన్ జయకృష్ణను బెంచి మీద కూర్చోబెట్టి, వెనక ఆడే షబ్బీర్‌ను ముందుకు తేవడం. జయకృష్ణ వెంకటప్పయ్య తమ్ముడి కొడుకు. షబ్బీర్ బైకుల షెడ్డులో మెకానిక్. ఊరంతా అవాక్కయింది.

అసలు సంగతి ఇద్దరికే తెలుసు. సీజన్‌కు వారం ముందు జయకృష్ణ మైదానం చివర యోబును పక్కకు పిలిచి ప్యాంటు పైకి లాగాడు. మోకాలు వాచి ఉంది.

“నాన్నకి కూడా చెప్పలేదు సార్. పెదనాన్నకి అసలే తెలీదు. రైల్వే సెలక్షన్లున్నయి. మోకాలు సంగతి బయటపడిందా, నా పని అయిపోయినట్టే.”

“ఇట్టా ఆడితే మొత్తానికే పోద్దిరా.”

“ఆడించమాకండి సార్. ఎందుకని మాత్రం ఎవురికీ చెప్పమాకండి.”

యోబు సరేనన్నాడు.

మొదటి ఆట మాచర్ల మీద. ఓడిపోయారు. రెండోది డ్రా. షబ్బీర్‌కు కొత్త చోటు ఇంకా అలవాటు కాలేదు. గోలు ముందు రెండుసార్లు తడబడ్డాడు. మర్నాడు స్టేడియం ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర తీర్పులు మొదలయ్యాయి. అర్ధరాత్రిళ్లు ఫోన్లలో ఇంగ్లండు లీగు చూసేవాళ్లు ఒకవైపు, చూడకుండానే చెప్పేవాళ్లు ఇంకోవైపు.

“కెప్టెన్ని కూసోబెట్టి మెకానిక్కుని దించాడు. పానా ఇస్తే గోలు బిగిస్తాడనుకున్నాడేమో.”

“పాపం, కొత్తోడు గదన్నా. కుదురుకోనీ.”

“కొత్తేంది? ఇన్నేళ్ల నుంచి యాడున్నాడు మరి?”

“ఉన్నాడులే, నీళ్లబుడ్లు మోసుకుంటా.”

“అది గాదు, మావా. మేనేజరవగానే మిల్లుకి పోటం మానేశాడంట. పొగరు. వాళ్లకి పదవిస్తే ఇట్టాగే ఉంటది.”

‘వాళ్లు’ అంటే ఎవరని అక్కడ ఎవరూ అడగలేదు. టీ గ్లాసులు కిందపెట్టి లేచి పోయారు. సాయంత్రానికి ఆ మాటే ఒకడు వీడియో చేసి ఫోన్లలోకి వదిలాడు. కాంతమ్మ ఆయాగా పనిచేసే బడిలో టీచరమ్మ ఒకామె అది చూపించి, “మీ ఆయనేనా?” అంది. కాంతమ్మ తలూపి పిల్లల గిన్నెలు కడుక్కోవడానికి వెళ్లింది.

వెంకటప్పయ్య ఫోన్ చేశాడు. గొంతు పెంచలేదు.

“ఏవయ్యా యోబూ, జట్టు మిల్లులో చెప్పే ఆనవాయితీ ఉందా లేదా?”

“ఉందయ్యా.”

“మరెందుకు తప్పావు? రేపు అందరం ఉంటాం. అక్కడే చెప్పు.”

ఫోన్ పెట్టేశాక యోబు చాలాసేపు ఆలోచించాడు. ప్రెసిడెంటు గారికి పట్టింపు చోటు గురించి. తనకు పట్టింపు కుర్రాళ్లు తన నోటితో వినడం గురించి. రెండూ కుదురుతాయి కదా అనుకున్నాడు. కాంతమ్మకు చెప్పాడు.

“పిల్లల్ని కూడా మిల్లుకే తీసకపోతా. ఆయన మాటా దక్కుద్ది, నా మాటా దక్కుద్ది.”

“లోపలికి రానిత్తారంటావా?”

“ఎందుకు రానీరే? వాళ్ల జట్టేగా.”

మర్నాడు సాయంత్రం యోబు ముందు నడవగా జట్టంతా ఆ గేటు దాటి లోపలికి వెళ్లింది. మట్టి కాళ్లు, చెమట బనీన్లు, వెనకాల గ్రీజు మరకల చేతులతో షబ్బీర్. వాచ్‌మన్ ఆపాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. వరండాలో టీ పోస్తున్నవాడు కెటిల్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. యోబు మెట్ల కింద పిల్లల్ని నిలబెట్టి, తను వాళ్ల పక్కనే నిలబడి, జట్టు చెప్పాడు. అవే పేర్లు. షబ్బీర్ ముందు, జయకృష్ణ బెంచి మీద.

ఎవరి తలా ఊగలేదు.

“ఊరేగింపు తెచ్చావేందయ్యా?” అన్నాడు వెంకటప్పయ్య, నవ్వినట్టే. “నా మిల్లుకొచ్చి, మావోణ్ణి బెంచి మీద కూర్చోబెడతన్నానని అందరి ముందు చెప్పి పోదామనా?”

“అట్టా కాదయ్యా. ఆనవాయితీ తప్పొద్దన్నారు గదా అని.”

“సరే. జయకృష్ణని ఎందుకు తీశావో చెప్పు. ఇంతమందిమి ఉన్నాం, వింటాం.”

యోబు జయకృష్ణ వైపు చూశాడు. కుర్రాడు బూట్ల వైపు చూస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు, యోబు మేనేజర్‌గా మిగిలేవాడు. జయకృష్ణ రైల్వే ఉద్యోగం పోయేది. మాట ఇచ్చినవాడు యోబు. కుర్రాడు తలెత్తలేదు.

“నాకట్టా తోచిందయ్యా,” అన్నాడు యోబు.

“తోచిందంట,” అని పెద్దల్లో ఒకాయన నవ్వాడు. తక్కినవాళ్లూ నవ్వారు.

మర్నాటి ఆట ఓడలేదు, గెలవలేదు. ఆ రాత్రికే క్లబ్బు గ్రూపులో ‘యోబు గారి సేవలకు ధన్యవాదాలు’ అని వచ్చింది. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. మూడు ఆటలతో ఆయన సీజన్ అయిపోయింది. అసిస్టెంట్ పని కూడా మళ్లీ ఇవ్వలేదు.

హైదరాబాదు నుంచి గోపీచంద్ అనే లైసెన్సున్న కోచ్ వచ్చాడు. వచ్చీ రాగానే ఆటగాళ్లందరికీ స్కానింగులు తీయించాడు. జయకృష్ణ మోకాలు బయటపడింది. అతణ్ణి పక్కనపెట్టాడు. పెదనాన్న నోరెత్తలేదు. షబ్బీర్‌ను ముందే ఉంచాడు. అప్పటికి ఆ చోటు అలవాటైన షబ్బీర్ గోల్స్ కొట్టాడు. జట్టును కుర్రాళ్లకే ముందు చెబుతానన్నాడు గోపీచంద్, ప్రొఫెషనల్ పద్ధతి అదేనట. మిల్లులో కుర్చీలు వేయడం మానేశారు.

“మేనేజరంటే ఇట్టుండాల,” అన్నారు టీ కొట్టు దగ్గర. “వచ్చీ రాటంతోనే ఎట్టాంటి నిర్ణయాలు తీసుకున్నాడో చూశావా?”

రైల్వే వాళ్లు ఈ ఏడు జయకృష్ణను తీసుకోలేదు. యోబు కాచిన రహస్యం ఎవరికీ పనికిరాలేదు. ఆ కుర్రాడు ఒకసారి ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. మోకాలు ఎలా ఉందని యోబు అడిగాడు. వేడి కాపడం పెట్టొద్దని, ఐసు పెట్టమని చెప్పాడు. వాడు వెళ్లాక కాంతమ్మ అంది:

“నువ్వు చేసిందేగా ఆ కొత్తాయన చేసింది. పోయి అడగరాదా?”

“ఏమని అడగనే? నేనూ అదే చేశానని అడిగితే, నువ్వెందుకు గెలవలేదంటారు.”

“నీకెవురు గెలవనిచ్చారయ్యా?”

ఇప్పుడు యోబు రెంటచింతలలో బంధువుల పొలానికి మిరప కోతలకు వెళుతున్నాడు. ఆట ఉన్న రోజున ఫోన్ ఆపేసి పెడతాడు.

గోపీచంద్ తప్పు చేశాడని కాదు. ఆయన మంచి కోచే. ఒకే నిర్ణయం ఒకరు తీసుకుంటే తెలివి, ఇంకొకరు తీసుకుంటే పొగరు ఎలా అయిందో మాత్రం ఈ ఊరు తనను తాను అడగాలి. మూడు ఆటలకే తీర్పు చెప్పినవాళ్లలో కమిటీ పెద్దలతో పాటు టీ గ్లాసు పట్టుకున్న మనమూ ఉన్నాం.

సీజన్ చివర క్లబ్బు సభ్యుల సమావేశం ఉంది. మీరు సభ్యులైతే ఆ రోజు రండి. ఏ మేనేజర్‌కైనా ఒక పూర్తి సీజన్ ఇచ్చి తీరాలనే నియమం పెట్టమని లేచి అడగండి. యోబును ఎందుకు తీసేశారో కారణం మినిట్స్‌లో రాయమనండి. మళ్లీ పనిలోకి పిలవమనండి. సభ్యులు కాకపోతే, ఆయన మీద వచ్చిన ఆ వీడియో మీ ఫోన్లో ఉంటే తుడిచేయండి. పంపినవాడికి ఫోన్ చేసి ఎందుకు తుడిచారో చెప్పండి. సమావేశంలో చెయ్యెత్తడానికి భయమేస్తే పక్కవాడిని కూడా ఎత్తమనండి.