పచ్చంగా ఉండాదప్పా

తిరుపతిలో బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో మేము నలుగురం ఒక మేడ ఇంట్లో కూర్చుని పాలు పరీక్షించే యంత్రాలకు బుద్ధి నేర్పేవాళ్ళం. పల్లెల్లో పాల సెంటర్ల దగ్గర రవ్వంత పాలు పోస్తే వెన్న ఎంతుందో అంకెల్లో చూపించే చిన్న పెట్టె అది. దాని కడుపులో గోరంత చిప్పు, ఆ చిప్పులోకి ఎక్కించే ప్రోగ్రాము మాది. నలుగురం నాలుగు బల్లల దగ్గర రాసిన వరుసలన్నీ కలిపి, చిప్పుకు అర్థమయ్యే ఒకే ఫైలుగా మార్చడాన్ని బిల్డ్ అంటాం. మొదట్లో ఆ పని చేత్తోనే చేసేవాళ్ళం. ఏ ఫైలు కొత్తదో, ఏది పాతదో తెలియక రోజూ కొట్లాటే. అందులో సగం గొంతు నాది.

తర్వాత మా సారు ఒక పాత కంప్యూటరును మేడమీద మూలన పెట్టి బిల్డ్ పని మొత్తం దానికి అప్పగించారు. ఎవరు ఒక్క అక్షరం మార్చినా అదే పసిగట్టి, అదే బిల్డ్ చేసి, ఫలితాన్ని ఒక వెబ్ పేజీలో పట్టీలుగా పెట్టేది. ఆకుపచ్చ పట్టీ అయితే అంతా బాగు. ఎరుపైతే ఫైలే తయారు కాలేదు. మధ్యలో పసుపు ఒకటుంది: ఫైలు వచ్చింది గానీ ఎక్కడో అనుమానం ఉంది, చూసుకోండి అని. పట్టీ మీద నొక్కితే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ వచ్చేవి. ఎవరు ఏ వరుస మార్చారు, ఎప్పుడు మార్చారు, చిప్పులో ఎంత చోటు పట్టింది, ఏ వరుస మీద ఏం అనుమానం, అన్నీ. నగరిలో మా నాయన మగ్గం మీద తెగిన పోగు కోసం కళ్ళు చికిలించి ఎంతోసేపు వంగి వెతికేవాడు. ఇక్కడ తెగిన పోగు తనంతట తానే ఊరూపేరూ చెప్పుకుంటోంది. మొదటిరోజు కాఫీ చల్లారిపోయేదాకా నొక్కుతూనే ఉన్నాను. నిజంగా ఒళ్ళు పులకరించింది నాకు.

ఆఫీసు తలుపులు తీసి, టీ పెట్టి, మమ్మల్ని అదుపులో ఉంచే పెద్దమ్మ ఒకావిడ ఉండేది. కాళహస్తి వైపు మనిషి. చదువు రాదు గానీ ఆ పేజీ అంటే ఆమెకు మహా సరదా. ఎర్ర పట్టీ పడితే చాలు, "ఈ పొద్దు పొయ్యి ఆర్పినోడు ఎవరప్పా?" అని మెట్ల మీద నుంచి అరిచేది. చాలాసార్లు అది నేనే.

ఒక సాయంత్రం. మర్నాడు పొద్దున పూతలపట్టు అవతల ఒక పల్లెలో మా యంత్రానికి మొదటి పరీక్ష. లెక్క ఇంకాస్త వేగంగా చేస్తుందని మధ్యాహ్నమే ఒక వరుస మార్చాను. నేను కింద గదిలో చిప్పు ఎక్కించే బల్ల దగ్గరున్నాను, పేజీ కనిపించే తెర మేడమీద ఉంది, బస్సుకు టైమైపోతోంది. మెట్లెక్కడానికి బద్ధకించి కిందినుంచే కేకేశాను.

"పెద్దమ్మా, ఏ రంగు ఉండాది?"

"పచ్చంగా ఉండాదప్పా!"

ఫైలు చిప్పులోకి ఎక్కించి, యంత్రాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

పొద్దున సెంటరు దగ్గర ముందు వచ్చినవాళ్ళందరూ సీమావుల పాలే తెచ్చారు. సెంటరు నడిపే పెద్దాయన ఒక్కొక్కరి అంకె పైకి చదువుతున్నాడు. మూడున్నర, నాలుగు, మూడు పాయింట్ ఎనిమిది. నేను కాలరెగరేసుకుని నిలబడ్డాను. చివర ఒక అవ్వ వచ్చింది. ఆ వరుసలో గేదె పాలు తెచ్చింది ఆమె ఒక్కతే. పెద్దాయన పోశాడు. ఒకటి పాయింట్ రెండు. మళ్ళీ పోశాడు. అదే.

"అవ్వా, నీ ఎనుము బాయిలో పడినట్టుండాదే!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఆమె వాళ్ళవైపు చూడలేదు. నావైపు చూసింది. "నా పెండ్లయినకాడి నుంచి ఈడ పాలు పోస్తా ఉండా. నీళ్ళు కలిపినానంటావా నాయనా?"

"మిషన్ అబద్ధం చెప్పదవ్వా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గే.

ఆమె క్యాను మూత బిగించుకుని, "ఇంక ఈ గడప తొక్కను" అని వెళ్ళిపోయింది. కొలతపాత్రలో అడుగున మిగిలిన చుక్కను వేళ్ళ మధ్య రాసి చూశాను. జిడ్డు వదల్లేదు. నీళ్ళ పాలు అట్లా అంటుకోవు.

పరుగున పూతలపట్టు క్రాస్‌రోడ్డుకు వచ్చి, అక్కడి ఇంటర్నెట్ సెంటరు తలుపు తీసేదాకా నిలబడి, మా పేజీ తెరిచాను. బయటి ఊళ్ళనుంచి కూడా చూసే వీలు సారు అప్పటికే పెట్టించారు. పేజీ పైనుంచి కిందికి ఒక్కో పట్టీగా దిగుతోంది. నిన్నటి సాయంత్రం పట్టీ వచ్చింది. పసుపు.

నొక్కాను. ఫలానా ఫైలు, ఫలానా వరుస: పెద్ద సంఖ్యను చిన్న గూటిలో పెడుతున్నారు, కొంత పోవచ్చు. పక్కనే నా పేరు. ఆ గూటిలో రెండువందల యాభై అయిదు దాకా పడుతుంది. దాటితే లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఆవుపాలు ఆ హద్దు దాటవు. చిక్కటి గేదెపాలు దాటుతాయి. దాటిన చిక్కటి పాలను నీళ్ళ పాలుగా చూపిస్తుంది. పాల రుచి కూడా తెలియని ఆ పాత కంప్యూటరు, అవ్వ క్యాను నింపకముందే, నిన్ననే, పొంగిపోతుందని రాసిపెట్టింది. ఆ గదిలో కూర్చుని నేను దానికి దణ్ణం పెట్టుకున్నాను, నిజం.

ఆఫీసుకు ఫోన్ చేశాను. "నిన్న పచ్చ అంటివే పెద్దమ్మా!"

"పచ్చే గదప్పా. తాళిబొట్టుకు పూసే పసుపు మాదిరి. ఆకు మాదిరి ఉంటే ఆకుపచ్చ అందును గదా!"

మా నగరిలో అరవం కలిసిన తెలుగు. మాకు పచ్చంటే ఆకు రంగే. అయినా పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత నేను విననిదా? పెద్దమ్మ మాటలో తప్పు లేదు. పదిహేను మెట్లెక్కనిది నేను.

ఫోన్లోనే చెబితే ఆఫీసులో ఉన్న మిత్రుడు ఆ వరుస సరిచేశాడు. గంటన్నర బస్సు దూరంలో ఎక్కడో ఆ కంప్యూటరు పనికి దిగడం, కొత్త పట్టీ మినుకుమినుకుమనడం ఈ చౌరస్తాలో కూర్చుని చూశాను. బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి, నాకు వినపడలేదు. పట్టీ ఆకుపచ్చగా నిలబడింది. ఈసారి ఎవర్నీ అడగలేదు. నిన్నటి పసుపు పట్టీని మాత్రం అక్కడున్న రంగుల ప్రింటరులో కాగితం మీదికి తీయించాను.

మిత్రుడు కొత్త చిప్పు తీసుకుని మధ్యాహ్నం బస్సులో దిగాడు. చిప్పు మార్చి, పాలు పోసే వేళకు ముందే అవ్వ ఇంటికి వెళ్ళాను.

"మిషన్ అబద్ధం సెప్పదంటివే?" అంది, పేడ ఎత్తడం ఆపకుండానే.

"దానికి తప్పు లెక్క నేర్పింది నేను అవ్వా. తిరుపతిలో ఉండే ఇంకో మిషను ఆ తప్పు నిన్ననే పట్టుకునింది. నేనే చూళ్ళేదు."

కాగితం చూపించాను. చెయ్యి చీరకు తుడుచుకుని ఆ పట్టీ మీద వేలు పెట్టింది. "ఈ పచ్చంగా ఉండేదేనా?"

"అదే అవ్వా" అన్నాను.

"ఇంత పచ్చంగా కొట్టొచ్చినట్టుంటే కనబళ్ళేదా నాయనా నీకు?"

ఆమె గేదె పాలు పితికి క్యాను అందుకుంది.

సెంటరు దగ్గర పొద్దుటి వాళ్ళంతా ఉన్నారు. పెద్దాయన పాలు పోశాడు. ఏడు పాయింట్ ఎనిమిది. ఆయన ఆ అంకెను చూసి నావైపు చూశాడు.

"ఏడూ పాయింట్ ఎనిమిది అవ్వా" అన్నాను మెల్లగా.

"నాకెందుకు సెప్తావు? నా ఎనుము పాలు నాకు తెల్దా?" అంది. "పొద్దున నవ్వినోళ్ళకు సెప్పు."

వరుస వైపు తిరిగి గట్టిగా చదివాను.