మోటారు హీటు

పోర్టులో ఓడలు ఆగే మా బెర్తులో క్రేను ఆగడానికి ఒప్పుకునే కారణాలు కొన్నే. వాన పడొచ్చు. గాలి ఎక్కువ కావచ్చు. కింద లారీలు లేకపోవచ్చు. మోటారు హీటెక్కొచ్చు. వీటిలో ఏదీ కాకుండా క్రేను ఆగిందంటే అది తనంతట తను ఆగినట్టు కాదు, ఆపరేటరు ఆపినట్టు. ఆపినవాడు సంజాయిషీ చెప్పుకోవాలి. మనిషికి కూడా ఏదైనా అవ్వొచ్చన్న ఊహ ఈ పద్ధతి పెట్టినవాళ్ళకి రాలేదు. పైకెక్కేవాడు కడుపుని ఇంట్లో వదిలి వస్తాడని వాళ్ళ నమ్మకం కాబోలు.

నేను నడిపేది పట్టాల మీద కదిలే పాత కరెంటు క్రేను. ఓడ లోపలున్న బొగ్గుని పెద్ద ఇనప గ్రాబుతో తోడి లారీల్లో పొయ్యడం పని. నేను కూర్చునేది ఓడ కంటే ఎత్తులో ఉండే చిన్న గాజు గది. ఎక్కడానికి ఒక నిచ్చెన, దిగడానికీ అదే. లెట్రిన్ మాత్రం బొగ్గు గుట్టలకి అవతల, గేటు పక్కన ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ దూరం నా కంటికి ఆనలేదు. అప్పటికి నాకు పేగులున్నాయన్న సంగతే తెలియదు.

నాన్నకి స్టీలుప్లాంటులో ఉద్యోగం వచ్చినప్పుడు మావాళ్ళు గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి వచ్చేశారు. నాన్న కొలిమి వేడికి వేగిపోవడం కళ్ళారా చూసిన అమ్మకి నా ఉద్యోగం మహా గొప్పగా కనిపించింది. ఊరినుంచి ఫోన్ చేసినవాళ్ళందరికీ అదే పాట. కుర్చీలో కూర్చుని చేసే పనిట, ఎండ తగలదుట, కడుపులో చల్ల కదలకుండా గడిచిపోతుందిట. అమ్మ నోటి చలవ వల్ల మిగతావన్నీ అలాగే జరిగాయి. కదిలింది చల్ల ఒక్కటే.

మొదట్లో వేడి చేసిందనుకున్నాను. విశాఖలో వేసవిలో ఎవరికి ఏ రోగం వచ్చినా ముందు వేడే చేస్తుంది. మందుల షాపాయన అమీబా అన్నాడు. రక్తం పడుతోందని చెప్తే ఒక డాక్టరు మొలలన్నాడు. ఇంకో డాక్టరు రంగు నలుపా ఎరుపా అని అడిగాడు. బొగ్గు ఓడ మీద పని చేసేవాణ్ణి నలుపు గురించి అడిగితే ఏం చెప్పను? ముక్కులోంచి, చెవిలోంచి, చెమటలోంచి వచ్చేదంతా నలుపే. ఎరుపొక్కటే కొత్త, అది ఎరుపే అన్నాను. ఆయన నన్ను కడుపు జబ్బులు చూసే పెద్ద డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన కెమెరా గొట్టం వేసి చూసి, పెద్దపేగు లోపలంతా పుళ్ళు పడ్డాయని చెప్పాడు. ఎందుకు వచ్చిందంటే, ఒంటిని కాపాడాల్సిన సైన్యమే దారి తప్పి సొంత పేగు మీద పడిందన్నాడు. ఎప్పుడు తగ్గుతుందని అడిగాను.

"తగ్గదు, అణుగుతుంది. మందులు మానకుండా వాడితే మీరిద్దరూ కలిసి బతకొచ్చు," అన్నాడాయన, సంబంధం కుదిర్చినంత నెమ్మదిగా.

అమ్మ ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి జాడీలన్నీ పై అరలోకి ఎక్కించేసింది. రోగి కోరిందీ పాలే వైద్యుడిచ్చిందీ పాలే అంటారు గానీ, మా ఇంట్లో రోగి కోరింది ఆవకాయ, వైద్యుడు వద్దన్నదీ ఆవకాయే. మర్నాటి నుంచి మెత్తన్నం, మజ్జిగ తేట. ఎవరో దానిమ్మ తొక్క కషాయం మంచిదన్నారని పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి, జ్యూస్ బండివాడు పారేసే తొక్కలు సంచీ నిండా తెచ్చింది. ఆ కషాయం తాగిన మీదట నాకు రోగం మీద కొంత గౌరవం కలిగింది.

అన్నిటికంటే తమాషా స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాక జరిగింది. బుగ్గలు పూరీల్లా పొంగాయి. జబ్బు మనిషినని ఎవరికీ చెప్పలేదు కాబట్టి, ఒక పెళ్ళిలో అమ్మ తరపు బంధువులంతా నా బుగ్గలు చూసి సంబరపడ్డారు. పోర్టు తిండి వంటబట్టిందన్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పీనుగులా ఉన్నావన్న పిన్ని, పేగులు పుండై ఉన్నప్పుడు నాకు దిష్టి తియ్యమంది.

క్రేను సంగతికొస్తాను. పైకెక్కే ప్రతి ఆపరేటరూ ఖాళీ నీళ్ళ సీసా ఒకటి పట్టుకెళ్తాడు. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అది ఒకటో పనికి. రెండో పనికి సీసా లేదు. ఇంటి దగ్గరే ముగించుకుని రావాలన్నది మా వృత్తి ధర్మం. నా జబ్బుకి ఈ ధర్మం తెలియదు. అది వచ్చే ముందు కబురు పెట్టదు. వచ్చాక ఆగదు.

మొదటిసారి అది వచ్చినప్పుడు గ్రాబు ఓడ లోపలికి దిగుతోంది. ఓడ అడుగున ఏముందో పైనున్న నాకు కనబడదు. ఓడ పైతట్టున తెరిచిన హ్యాచ్ నోటి అంచున నిలబడ్డ ఫోర్‌మన్ చెయ్యి ఊపుతూ, వాకీటాకీలో చెప్తూ ఉంటాడు. ఆయన మాట నాతో పాటు ఆఫీసుకీ, లారీల సూపర్‌వైజర్‌కీ, ఓడలో పారలు పట్టినవాళ్ళకీ అందరికీ వినబడుతుంది. అందరి వాకీటాకీలూ ఒకే చానల్. గ్రాబు పైకి లాగి, స్విచ్చి ఆపి, పది నిమిషాలు దిగుతున్నానని అన్నాను.

"ఏటైందిరా?" అన్నాడు ఫోర్‌మన్.

అంతమంది వింటుండగా ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఫోర్‌మన్ చేపలు పట్టే కుటుంబం మనిషి, అన్నదమ్ములు ఇప్పటికీ వేటకి వెళ్తారు. మాట లేనిచోట ఎదుటివాడి పరువు కాపాడటం ఆయనకి అలవాటు. ఆఫీసు నుంచి పని ఎందుకాగిందని ఎవరో గట్టిగా అడిగారు.

"మోటారు హీటెక్కింది సార్. పది నిమిషాలాగాల," అని ఆయనే చెప్పేశాడు.

నేను నిచ్చెన దిగి బొగ్గు గుట్టల మధ్య పరుగెత్తాను. మోటారు హీటెక్కితే ఆపరేటరు గేటు వైపు ఎందుకు పరుగెత్తుతాడని ఎవరికీ అనుమానం రాలేదు. మా బెర్తులో కారణం ఉంటే చాలు.

నేనుగా అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో దాచను. అంతకుముందు ఒక సీనియర్ ఆపరేటరుకి గుండె నొప్పి వస్తే, మనిషి బాగయ్యాక కూడా మళ్ళీ క్రేను ఎక్కనివ్వలేదు. గేటు దగ్గర లారీల చీటీలు చూసే పనిలో పెట్టారు. ఆయన రోజూ తలెత్తి క్రేన్ల వైపు చూడటం నేను చూశాను. నాకు ఆ గాజు గదంటే ప్రాణం. పొద్దున్నే హార్బర్ నుంచి వేట పడవలు బారుగా బయటికి వెళ్తుంటే పైనుంచి చూడటం ఇష్టం. లారీ నడిమధ్యలో, ఒక్క బెడ్డ బయట పడకుండా గ్రాబు విప్పడం ఇష్టం. ఆ పని నాకు బాగా వచ్చు. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

అలా మోటారు హీటెక్కడం మొదలైంది. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు. నేను దిగుతున్నానంటాను, ఫోర్‌మన్ హీటంటాడు. క్రేనుకి మేమిద్దరు ఆపరేటర్లం, చెరి సగం షిఫ్టు. నా జోడీ ఆనందపురం వైపు కుర్రాడు, క్రేనుని సొంత బండిలా తుడుచుకుంటాడు. అతను ఒకరోజు టీ దగ్గర నన్ను నిలదీశాడు.

"నా టైములో ఎక్కని హీటు నీ టైములోనే ఎందుకెక్కుతాది బావా? నువ్వు గ్రాబు కక్కుర్తిగా నింపేత్తన్నావు. మిషనుకి పేనం ఉంటాది."

పుళ్ళు పడ్డ పేగు కన్నా ఆ మాట ఎక్కువ మండింది. నా కడుపు చెయ్యి దాటినా ఫరవాలేదు గానీ, నా గ్రాబు కక్కుర్తి గ్రాబా? తల ఊపి టీ పారబోశాను. అది కూడా డాక్టరు వద్దన్నదే.

తర్వాత మెయింటెనెన్స్ వాళ్ళు వచ్చారు. మోటారుకి జరిగినంత వైద్యం నేను మా ఇంట్లోనూ చూడలేదు. మూత విప్పి బొగ్గు దుమ్మంతా గాలి కొట్టి ఊదారు. గ్రీజు మార్చారు. వేడి చూసే మీటరు తగిలించారు. చల్లగా ఉండాలని ప్రత్యేకంగా ఒక ఫ్యాను పెట్టారు. మధ్యాహ్నం ఎండలో కాసేపు విశ్రాంతి ఇవ్వమన్నారు. నాకు రాసివ్వాల్సినవన్నీ దానికి రాసిచ్చారు, అమ్మ కషాయం ఒక్కటే తక్కువ. ఇంజనీరు మోటారు మీద చెయ్యి వేసి చూసి, చల్లగానే ఉందే అని నా వైపు చూశాడు. నేను పొంగిన బుగ్గలతో, మహా ఆరోగ్యంగా, ఆయన వైపు చూశాను.

మర్నాడు అదే ఇంజనీరు వాకీటాకీలో అసలు మాట చెప్పాడు. మోటారులో దోషం బయటికి కనబడటం లేదు కాబట్టి విప్పి వర్క్‌షాపుకి పంపుతారట. అది వచ్చేదాకా ఈ క్రేను మూత. ఓడ పనిని పక్క క్రేనుకి ఇస్తారు. నేను పైనే ఉన్నాను. కిందికి చూస్తే ఫోర్‌మన్ హ్యాచ్ అంచున టోపీ తీసి నిలబడ్డాడు. నా జోడీ క్రేను కాలి దగ్గర, దాని మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. ఆ చెయ్యి చూశాక ఇక ఆగలేకపోయాను. తప్పు చేయని యంత్రాన్ని నా మూలాన కోయబోతున్నారు. అమీబా అనీ మొలలనీ నన్ను తిప్పినట్టే దాన్నీ తిప్పుతున్నారు. బటన్ నొక్కాను. అమ్మతో మాట్లాడే గోదావరి మాట కాదు, ఈ ఊళ్ళో పెరిగిన మాటే నోటికొచ్చింది.

"మోటారుకి ఏటీ అవలేదు సార్. నాకే అయింది. నా పెద్దపేగులో పుళ్ళున్నాయి, రగతం పడతాది. వచ్చిందంటే ఆగదు. అందుకే దిగుతన్నాను. మోటార్ని ఒగ్గేయండి."

ఇక గేటు దగ్గర చీటీలు చూసుకోవడమే అనుకున్నాను. నిజంగానే భయపడ్డాను. ఇంతలో ఫోర్‌మన్ గొంతు వినిపించింది.

"నాను ఇన్నాళ్ళూ మోటార్ని తిడతన్నాను కదరా. ముందే సెప్పాల్సింది. ఇప్పుడొచ్చిందా ఏటి?"

"రాలేదు."

"అయితే గ్రాబు దించు. వచ్చినప్పుడు సెప్పు, లారీలోళ్ళని నాను సూసుకుంటాను."

అంత తేలిగ్గా ఏమీ తేలలేదు. కంపెనీ డాక్టరు ముందు నిలబడ్డాను, నా డాక్టరు చేత ఉత్తరం తెచ్చుకున్నాను, ప్రతి ఆరు నెలలకీ చూపించుకోవాలన్న షరతు మీద గదిలో ఉండనిచ్చారు. నా జోడీ షిఫ్టుని చెరి సగం కాకుండా చిన్న చిన్న వంతులుగా మార్చుకుందామన్నాడు. గ్రాబు గురించి అన్న మాట వెనక్కి తీసుకోలేదు గానీ, టీకి బదులు నా కోసం మజ్జిగ చెప్పడం మొదలుపెట్టాడు. బెర్తు మొత్తం రాత్రికి రాత్రి వైద్యులైపోయారు. లారీ డ్రైవర్లలో ఒకాయన మారేడు కాయ, ఒకాయన మేకపాలు చెప్పాడు. అచ్యుతాపురం నుంచి వచ్చే డ్రైవరు వాళ్ళ బావమరిదికి ఇదే జబ్బనీ, కంపెనీ బస్సులో వెనక సీటుకి అంటుకుపోయి కూర్చుంటాడనీ, ఎవరికీ చెప్పలేదనీ గొంతు తగ్గించి చెప్పాడు. నా నంబరు తీసుకెళ్ళాడు.

మందులు పనిచేశాయి, జబ్బు చాలావరకు అణిగింది. దిగాల్సిన అవసరం అరుదైపోయింది. అలాంటి రోజుల్లో, ఒక మిట్టమధ్యాహ్నం, గ్రాబు గాల్లో ఉండగా మీటరు ముల్లు ఎర్ర గీత దాటింది. వెనకున్న మోటారు గదిలోంచి కాలిన వాసన వస్తోంది. గ్రాబు దించి, స్విచ్చి ఆపేసి, మోటారు హీటెక్కిందని వాకీటాకీలో చెప్పాను.

"ఎరుకేలే. దిగు. నిదానంగా దిగు," అన్నాడు ఫోర్‌మన్.

"అది కాదు, నిజంగా మోటారే."

"అలాగేలే, మోటారే. దిగు."

దిగాను. బొగ్గు గుట్టల మధ్య దారి పొడుగునా లారీలు పక్కకి తీసి నిలబెట్టేశారు. డ్రైవర్లందరూ నాకు సిగ్గు కలగకూడదని ఎటో చూస్తున్నారు. ఇంతమంది మర్యాదని కాదనలేక, ఏ అవసరమూ లేకపోయినా ఆ దారంతా నడిచి, లెట్రిన్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. అక్కడ నిలబడి ఏడ్చాను. జబ్బు బయటపడిన రోజు కూడా అంత ఏడవలేదు. బయటికొచ్చి మొహం కడుక్కుంటుంటే వాకీటాకీ పలికింది.

"అయిందా?" అన్నాడు ఫోర్‌మన్.

"అయింది," అన్నాను.

పైన మోటారు ఇంకా వేడిగానే ఉంది. దాన్ని అడిగినవాళ్ళు లేరు.